డిస్‌ప్లే మీద 200 డిగ్రీలే, హీటర్ బ్యాండ్ మాత్రం ఎప్పుడో పోయింది

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టుల ఫొటోలు తరచుగా వస్తుంటాయి. గీత మీద నడిచే రోబో, మట్టి తడి చూసి నీళ్లు వదిలే పంపు, చప్పట్లకు వెలిగే బల్బు. అవి చేయకూడదని కాదు. కానీ వాటిలో వాడే ఆర్డుయినో మైక్రోకంట్రోలర్ బోర్డుతోనే బెంగళూరు పీణ్య, బొమ్మసంద్ర వైపు చిన్న ప్లాస్టిక్ యూనిట్లలో రోజూ ఎదురయ్యే ఒక చిక్కు తీర్చొచ్చు: హీటర్ బ్యాండ్ ఒకటి పోతే కరెంటు కొలిచి కనిపెట్టి, అలారం మోగించొచ్చు. ఆ యూనిట్లలో అనంతపురం, చిత్తూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చి మెయింటెనెన్స్ చూసుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి తెలుగులో, కొంచెం వివరంగానే రాస్తున్నాను. ఉత్తరం పొడవైతే మన్నించాలి.

చిక్కు ఇది. ప్లాస్టిక్‌ను కరిగించి స్క్రూతో ముందుకు తోసే ఎక్స్‌ట్రూడర్ బ్యారెల్ (గొట్టం) మీద ఒక్కో జోన్‌కు రెండో మూడో మైకా బ్యాండ్ హీటర్లు, అంటే చుట్టూ బిగించే పట్టీ హీటర్లు, పారలల్‌లో ఉంటాయి. వాటన్నిటికీ కలిపి వేడి కొలిచే థర్మోకపుల్ ఒకటి, టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి, హీటర్లను ఆన్ ఆఫ్ చేసే ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే) ఒకటి. మూడింటిలో ఒక బ్యాండ్ పోయిందనుకోండి. కంట్రోలర్‌కు బ్యాండ్ల లెక్క తెలియదు, దానికి కావలసింది 200 డిగ్రీలు. నిన్నటిదాకా నూటికి 40 వంతుల సేపు ఆన్‌లో ఉంచేది, ఇవాళ 60 వంతుల సేపు ఉంచుతుంది. డిస్‌ప్లే మీద 200 చెక్కుచెదరదు. లోపల మాత్రం పోయిన బ్యాండ్ కింద బ్యారెల్ చల్లబడుతుంది, మిగిలిన రెండిటి కింద అవసరానికి మించి కాగుతుంది. పోయిన బ్యాండ్ పక్కనే థర్మోకపుల్ ఉంటే మరీ ఘోరం. చల్లటి చోటు చూసి కంట్రోలర్ మిగతా రెండిటినీ వాయిస్తుంది. పీవీసీ అయితే అక్కడ మాడి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది, అది స్క్రూను, బ్యారెల్‌ను తినేస్తుంది. థర్మోకపుల్ బతికున్న బ్యాండ్ పక్కన ఉంటే చల్లటి చోట సరిగా కరగని ముద్ద స్క్రూకు అడ్డం పడి మోటారు ఆంపియర్లు పెరుగుతాయి. అప్పుడు ఆపరేటర్ చేసే పని ఒక్కటే, సెట్ పాయింట్ పది డిగ్రీలు పెంచడం. దాంతో మిగిలిన రెండు బ్యాండ్లూ తొందరగా పోతాయి. బయటికి కనిపించే గుర్తు పొద్దున్న వేడెక్కడానికి పట్టే టైము పెరగడమే, దాన్నెవరూ రాసి పెట్టుకోరు.

కొన్ని కంట్రోలర్లలో లూప్ బ్రేక్ అలారం ఉంటుంది. దాన్ని నమ్ముకుని లాభం లేదు. ఔట్‌పుట్ పూర్తిగా ఇచ్చినా టెంపరేచర్ కదలకపోతేనే అది మోగుతుంది; అంటే జోన్ మొత్తం చచ్చాక. ఒక్క బ్యాండ్ పోయిన సంగతి కరెంటు కొలిస్తేనే తెలుస్తుంది. కొత్త ప్యానెల్ కొనేవాళ్లు సీటీ (కరెంటు కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఇన్‌పుట్ ఉన్న కంట్రోలరే తీసుకోవడం మంచిది. ఓమ్రాన్ ఈ5సీసీలో హీటర్ బర్నవుట్ ఆప్షన్ ఉన్న మోడళ్లు దొరుకుతాయి. కింద రాసేది మామూలు కంట్రోలర్లతో ఇప్పటికే నడుస్తున్న ప్యానెళ్ల కోసం.

ముందు లెక్క. 230 వోల్టుల మీద 1000 వాట్ల బ్యాండ్ 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది, దాని రెసిస్టెన్స్ 52.9 ఓములు. మూడు కలిస్తే 13.04 ఆంపియర్లు, ఒకటి పోతే 8.70. ఇంత తేడా వైరు చుట్టూ పట్టి కరెంటు చూసే టాంగ్ టెస్టర్‌తోనే తెలిసిపోతుంది. అయితే వోల్టేజీ ఎప్పుడూ 230 ఉండదు. అది 207కి దిగినప్పుడు మూడూ బాగున్నా 11.74 ఆంపియర్లే వస్తాయి. 250కి ఎక్కినప్పుడు రెండే బతికున్నా 9.45 వస్తాయి. మూడు బ్యాండ్ల జోన్‌లో ఈ రెండు అంకెల మధ్య ఎడం ఉంది కాబట్టి ఉత్త ఆంపియర్లు చూసినా నెట్టుకురావచ్చు. అదే 500 వాట్ల బ్యాండ్లు ఆరు ఉన్న జోన్ తీసుకోండి. మొత్తం అదే 13.04. అన్నీ బాగుండి 207 వోల్టులున్నప్పుడు 11.74, ఒకటి పోయి 250 వోల్టులున్నప్పుడు 11.81. పోయిన జోన్ మంచి జోన్ కంటే ఎక్కువ చూపిస్తోంది! అందుకే కరెంటుతో పాటు వోల్టేజీ కూడా కొలిచి, ఆంపియర్లను వోల్టులతో భాగించి వచ్చిన అంకెనే చూడాలి. ఆరు బ్యాండ్లు బాగుంటే 0.0567, ఒకటి పోతే 0.0473, సప్లై ఎలా ఊగినా ఇవి మారవు. దీంట్లో ఇంకో లాభం ఉంది. రెండు కొలతలూ ఒకే 5 వోల్టుల రెఫరెన్స్ మీద తీస్తాం కాబట్టి, ఆ 5 కాస్తా 4.9 అయినా భాగహారంలో కొట్టుకుపోతుంది.

బ్యాండ్ లోపలి 80/20 నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగ రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పటికి, ఎర్రగా కాలినప్పటికి మధ్య పది శాతం లోపే మారుతుంది కాబట్టి ఈ పద్ధతి దానికి నప్పుతుంది. పెట్ బాటిల్ ఓవెన్లలో వాడే హాలోజన్ ల్యాంపులకు ఇదే లెక్క నేరుగా వేయకండి. టంగ్‌స్టన్ చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్ వేడి మీద ఉండేదాంట్లో దాదాపు పదో వంతే ఉంటుంది. సిలికాన్ కార్బైడ్ రాడ్లకైతే వయసుతో పాటు రెసిస్టెన్స్ పెరుగుతూ పోతుంది, వాటి కథ వేరు.

ఇక సెన్సర్. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్‌లో ఏ షాపులో అడిగినా ముందు ఏసీఎస్712 కరెంటు సెన్సర్ మాడ్యూల్ చేతిలో పెడతారు. బల్ల మీద నేర్చుకోవడానికి బాగుంటుంది, ప్యానెల్‌లో పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను. హీటర్ కరెంటంతా ఆ చిన్న బోర్డు స్క్రూ టెర్మినల్ గుండా పోవాలి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు దాంట్లో సరిగా బిగుసుకోదు. మెయిన్స్ ట్రాకుకూ 5 వోల్టుల పిన్నులకూ మధ్య ఎడం చాలడం లేదు. పక్కన కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) కాయిల్ ఉంటే దాని అయస్కాంత క్షేత్రానికి రీడింగ్ కదులుతుంది. పైగా 20 ఆంపియర్ల మాడ్యూల్ అంటే ప్లస్ మైనస్ 20 పీక్. ఆర్‌ఎంఎస్‌లో, అంటే మనం మామూలుగా చెప్పుకునే ఏసీ ఆంపియర్లలో, అది 14 ఆంపియర్లే.

వైరు కోయనక్కర్లేకుండా చుట్టూ బిగించే సీటీ మేలు. ఎస్‌సీటీ-013-000 అంటే 100 ఆంపియర్లకు 50 మిల్లీ ఆంపియర్లు, రెండు వేలకు ఒకటి. దీనికి ఆ కరెంటును వోల్టేజీగా మార్చే బర్డెన్ రెసిస్టర్ బయట మనమే పెట్టాలి. ఎక్కడ చూసినా 33 ఓములని రాసి ఉంటుంది. అది 100 ఆంపియర్లు కొలిచేవాళ్లకు. మన 13 ఆంపియర్ల జోన్‌లో 500 వాట్ల బ్యాండ్ ఒకటి పోతే, 33 ఓముల మీద ఆర్డుయినో ఊనోలో వచ్చే తేడా ఏడు కౌంట్లే (5 వోల్టులను అది 1024 కౌంట్లుగా చదువుతుంది). 100 ఓములు పెడితే 22 కౌంట్లు వస్తుంది, 35 ఆంపియర్ల దాకా పీక్ తెగిపోకుండా కొలుస్తుంది కూడా. రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లతో 5 వోల్టులను సగం చేసి, ఆ మధ్య బిందువుకు 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేసి, సీటీ ఒక కొసను దానికి, రెండో కొసను అనలాగ్ పిన్నుకు ఇవ్వాలి. బర్డెన్‌ను సీటీ వైర్ల మీదే సోల్డర్ చేయండి. హెడ్‌ఫోన్ జాక్ లాంటి ఆ ప్లగ్గును నమ్ముకుని బర్డెన్‌ను బోర్డు మీద పెడితే, ప్లగ్గు ఊడిన రోజున సీటీ సెకండరీ ఓపెన్ అవుతుంది. ప్రైమరీలో కరెంటు పోతుండగా ఏ సీటీకీ ఆ గతి పట్టనివ్వకూడదు.

సీటీ బిగించేటప్పుడు తరచుగా జరిగే పొరపాట్లు రెండు. ఫేస్, న్యూట్రల్ రెండూ కలిపి సీటీలోంచి తీస్తారు. పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని రీడింగ్ సున్నా. ఫేస్ ఒక్కటే పోవాలి. ఇక రెండు ఫెరైట్ ముక్కలు కలిసే చోట దుమ్ము ఉన్నా, మూత పూర్తిగా క్లిక్ కాకపోయినా రీడింగ్ తగ్గుతుంది. ఫెరైట్ పెళుసు, కింద పడితే చిట్లుతుంది. బ్యారెల్ దగ్గర వేడిలో కాకుండా ప్యానెల్ లోపలే పెట్టాలి. చిన్న హీటర్లయితే వైరును సీటీలోంచి మూడు చుట్లు తిప్పండి, రీడింగ్ మూడింతలవుతుంది.

వోల్టేజీ కొలవడానికి జడ్‌ఎంపీటీ101బీ మాడ్యూల్ సరిపోతుంది, దాన్ని సరిగా సెట్ చేసుకుంటే. మాడ్యూల్ మీద ఉన్న ఎల్‌ఎం358 ఐసీ 5 వోల్టుల సప్లై మీద 3.5 దాటి పైకి పోలేదు. మధ్య బిందువు 2.5 కాబట్టి పైన మిగిలింది ఒక్క వోల్టు. ట్రిమ్‌పాట్‌ను (సిగ్నల్ పెంచే తిప్పుడు స్క్రూ) బాగా పెంచితే సైన్ వేవ్ తల తెగిపోతుంది. సప్లై పెరిగినా రీడింగ్ పెరగదు, అప్పుడు మన భాగహారం అబద్ధం చెబుతుంది. 230 వోల్టులకు పీక్ 0.8 వోల్టు వచ్చేలా తిప్పి, ట్రిమ్‌పాట్ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి. మెషిన్ అదురుకు అది తిరక్కుండా ఉంటుంది. వోల్టేజీని ఆ జోన్ ఏ ఫేస్ మీద ఉందో ఆ ఫేస్ నుంచే, ఎంసీబీ (సర్క్యూట్ బ్రేకర్) తర్వాత తీసుకోవాలి. హీటర్లు రెండు ఫేసుల మధ్య ఉంటే ఆ రెండింటి మధ్య వోల్టేజీ కొలవాలి. ఈ మాడ్యూల్ అయితే అంత వోల్టేజీకి సరిపోదు, అక్కడ 440 వోల్టుల ప్రైమరీ ఉన్న చిన్న కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి.

ఇప్పటిదాకా చెప్పింది ఎవరైనా కట్టేస్తారు. ప్రాజెక్టులు చతికిలబడేది తర్వాతి మెట్టు దగ్గర. ఎస్‌ఎస్‌ఆర్ రెండు సెకన్లకోసారి ఆన్ ఆఫ్ అవుతుంటుంది. ఆఫ్‌లో కొలిస్తే సున్నా, సగం సగం కొలిస్తే ఏదో ఒక అంకె. అలారం ఊరికే మోగుతుంటే మూడో రోజుకు ఎవరో బజర్ వైరు పీకేస్తారు. కాబట్టి కంట్రోలర్ ఎస్‌ఎస్‌ఆర్‌కు ఇచ్చే 12 వోల్టుల డీసీని పీసీ817 ఆప్టోకప్లర్‌కు (వెలుతురుతో సిగ్నల్ దాటించే ఐసీ) కూడా 2.2 కిలో ఓముల గుండా ఇచ్చి, ఆ సంగతి మైక్రోకంట్రోలర్‌కు తెలియజేయాలి. ఐదు మిల్లీ ఆంపియర్లు మాత్రమే అదనం, కంట్రోలర్‌కు బరువు కాదు. ఆన్ అయ్యాక మొదటి 40 మిల్లీ సెకన్లు వదిలేయాలి. జీరో క్రాసింగ్ ఎస్‌ఎస్‌ఆర్ వోల్టేజీ సున్నా దాటేదాకా ఆగుతుంది కాబట్టి అర సైకిల్ దాకా ఆలస్యం చేస్తుంది, సీటీ కుదురుకోవడానికీ కొంత కావాలి. తర్వాత సరిగ్గా 200 మిల్లీ సెకన్లు, అంటే 50 హెర్ట్జ్ మీద పది పూర్తి సైకిళ్లు కొలవాలి. మధ్యలో ఆఫ్ అయితే ఆ కొలతను పారేయాలి. సెట్ పాయింట్ దగ్గర ఔట్‌పుట్ ఎనిమిది శాతానికి పడిపోతే ఆన్ టైము 160 మిల్లీ సెకన్లే, కొలత ఎప్పటికీ పూర్తికాదు. అలాంటి జోన్‌కు ఐదు సైకిళ్లు చాలు. కాంటాక్టర్‌తో నడిచే పాత ప్యానెల్ అయితే దాని ఆగ్జిలరీ కాంటాక్ట్ తీసుకుంటే సరి, ఈ తిప్పలేవీ ఉండవు. ప్రతి అర సైకిల్‌లో కొంత భాగమే ఇచ్చే ఫేస్ యాంగిల్ కంట్రోల్ ఉన్న చోట మాత్రం వోల్టేజీని థైరిస్టర్ తర్వాత, హీటర్ చివర్లలో కొలవాలి. లేకపోతే భాగహారానికి అర్థమే ఉండదు.

ప్రోగ్రామ్‌లో ఒక తప్పు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది బల్ల మీద దొరకదు. ఆర్‌ఎంఎస్ లెక్కకు ప్రతి శాంపిల్‌ను వర్గం చేయాలి. ఊనోలో మామూలు ఇంట్ (పూర్ణాంకం) 16 బిట్లు, 32767 దాకానే పడుతుంది. 181 వర్గం 32761, అది పడుతుంది. 182 వర్గం 33124, అది పొర్లి మైనస్ అంకె అవుతుంది. బల్ల మీద ఒక్క బ్యాండ్ పెట్టి చూసినప్పుడు పీక్ 63 కౌంట్లు, అంతా సవ్యంగా ఉంటుంది. ప్యానెల్‌లో 13 ఆంపియర్లకు పీక్ 189 కౌంట్లు. సైన్ వేవ్ శిఖరాలు మాత్రమే మైనస్ అయి మొత్తం తగ్గిపోతుంది. అన్ని బ్యాండ్లూ బాగున్నప్పుడే తక్కువ చూపిస్తుందన్నమాట. వర్గం చేసేముందే అంకెను లాంగ్‌కు (32 బిట్ల పూర్ణాంకం) మార్చుకోవాలి, వర్గం అయ్యాక కాదు. వర్గానికి ముందు తీసేసే మధ్య బిందువును శాంపిళ్ల సగటుగా ప్రతిసారీ లెక్కకట్టాలి, 512 అని గుడ్డిగా తీయకూడదు. రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లు అచ్చంగా సమానం కావు. ఒక అనలాగ్ రీడింగ్‌కు సుమారు 112 మైక్రోసెకన్లు పడుతుంది. ఆరు జోన్లు, ఒక వోల్టేజీ వరసగా చదివినా సైకిల్‌కు పాతిక శాంపిళ్లు వస్తాయి, ఈ పనికి అది ధారాళం.

మంచి విలువ ఎంతో బోర్డుకు నేర్పాలి. అన్ని బ్యాండ్లూ టాంగ్ టెస్టర్‌తో ఒక్కొక్కటిగా చూసుకుని, జోన్ పూర్తిగా వేడెక్కాక, ఒక బటన్ ఐదు సెకన్లు నొక్కితే అప్పటి భాగహారం ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) నిలవాలి. దానంతటదే నేర్చుకుంటూ పోయే తెలివి పెట్టకండి. మెల్లగా చచ్చే జోన్‌ను కూడా అది మామూలే అని నేర్చేసుకుంటుంది. అలారం హద్దు ఒక బ్యాండ్ వాటాలో సగం: మూడు బ్యాండ్లకు నేర్చిన విలువలో 83 శాతం, నాలుగింటికి 87.5, ఆరింటికి 91.7. బ్యాండ్లు వేరువేరు వాట్లవైతే అన్నిటికంటే చిన్నదాని వాటాలో సగం తీసుకోండి. ఆరు దాటితే జోన్‌ను రెండు గుంపులు చేసి రెండు సీటీలు పెట్టాల్సిందే.

వరసగా మూడు కొలతలు హద్దు కింద ఉంటేనే అలారం ఇవ్వాలి. అయితే వదులైన లగ్గు (వైరు కొసన బిగించే టెర్మినల్) ఈ వలలో పడదు. ఒక కొలత 13, తర్వాతది 8.7, మళ్లీ 13 అని ఊగుతుంటుంది, వరసగా మూడు రావు. అందుకని గంటలో ఎన్ని కొలతలు హద్దు కింద పడ్డాయో విడిగా లెక్కపెట్టి, పది దాటితే వేరే ల్యాంపు వెలిగించాలి. నా దృష్టిలో ఈ ల్యాంపు అసలు అలారం కంటే విలువైనది. బ్యాండ్ కాలకముందే టెర్మినల్ బిగించుకోవచ్చు.

ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా ఒక పని ఉంది. ఎస్‌ఎస్‌ఆర్‌లు పోయేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయి పోతాయి. ఆఫ్ చెప్పి అర సెకను అయ్యాక కూడా ఒక ఆంపియర్ మించి పోతుంటే ఎస్‌ఎస్‌ఆర్ అతుక్కుపోయినట్టే. ఎస్‌ఎస్‌ఆర్ లోపలి స్నబ్బర్ సర్క్యూట్ లీకేజీ కొన్ని మిల్లీ ఆంపియర్లే కాబట్టి అయోమయం లేదు. ఒక బ్యాండ్ పోతే బజర్ చాలు, ప్రొడక్షన్ ఆపక్కర్లేదు. ఎస్‌ఎస్‌ఆర్ షార్ట్ అయితే మాత్రం హీటర్ల మెయిన్ కాంటాక్టర్ పడిపోవాలి. ఎస్‌ఎస్‌ఆర్‌కు ముందు కాంటాక్టరే లేని ప్యానెళ్లు ఉన్నాయి. అక్కడ ముందు అది వేయించాలి. అలారం రిలే ఎప్పుడూ పట్టి ఉండి, తప్పు వస్తే వదిలేలా రాస్తే బోర్డు చచ్చినా బజర్ మోగుతుంది. ఎంత బాగా కట్టినా ఇది హెచ్చరికే తప్ప రక్షణ కాదు, విడిగా ఓవర్ టెంపరేచర్ కటాఫ్ ఉండి తీరాలి.

త్రీ ఫేస్ డెల్టాలో (ఒక్కో హీటర్ రెండేసి ఫేసుల మధ్య ఉండే అమరిక) ఒక్క సీటీ పెట్టి ఊరుకునేవాళ్లకు ఒక మాట. 400 వోల్టుల మీద 4000 వాట్ల హీటర్లు మూడు డెల్టాలో ఉంటే లైను కరెంటు 17.3 ఆంపియర్లు. ఒకటి పోతే రెండు లైన్లలో 10కి పడుతుంది, మూడో లైనులో 17.3 అలాగే ఉంటుంది. మీ సీటీ ఆ మూడో లైను మీద ఉంటే దానికేమీ తెలియదు. మూడు లైన్లకూ పెట్టండి. మూడు హీటర్ల కొసలు ఒకచోట కలిసే, న్యూట్రల్ లేని స్టార్‌లో అయితే తెగిన ఫేసులో సున్నా, మిగతా రెండిటిలో 86.6 శాతం కనిపిస్తుంది.

కరెంటు చెప్పలేని జబ్బు ఒకటుంది. కార్ట్రిడ్జ్ హీటర్ (రంధ్రంలో దూర్చే కడ్డీ లాంటి హీటర్) లోపలి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో కొన్నాళ్లు మెషిన్ ఆగితే, ఆన్ చేయగానే ఎర్త్‌కు లీకేజీ. పదమూడు ఆంపియర్లలో 30 మిల్లీ ఆంపియర్ల తేడా ఈ బోర్డుకు కనపడదు. దానికి లీకేజీ చూసి సప్లై ఆపే ఆర్‌సీసీబీ, ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ కావాలి. బ్యాండ్లు తొందరగా పోవడానికి మాత్రం కారణం చాలాసార్లు బిగింపే. మొదటిసారి వేడెక్కగానే బ్యాండ్ సాగి బ్యారెల్‌కు ఎడమవుతుంది, ఎడమైన చోట వేడి దిగక తీగ మాడుతుంది. మొదటి హీటింగ్ తర్వాత సప్లై ఆపి క్లాంప్ స్క్రూ మళ్లీ బిగించాలి. టెర్మినల్ దగ్గర మామూలు పీవీసీ వైరు కాకుండా ఫైబర్‌గ్లాస్ స్లీవ్ ఉన్న నికెల్ పూత వైరే వాడాలి.

కట్టడం పూర్తయ్యాక ఎంసీబీ ఆపి, తాళం వేసి, అన్నిటికంటే చిన్న బ్యాండ్ వైరు ఒకటి విప్పి, కొసకు ఇన్సులేషన్ చుట్టి, మళ్లీ సప్లై ఇవ్వండి. మూడు ఆన్ సైకిళ్ల లోపు రిలే వదలాలి. వదలకపోతే హద్దు తప్పు, లేదా ఆప్టోకప్లర్ సిగ్నల్ తలకిందులుగా ఉంది. ప్రతి జోన్‌కూ ఇదే పరీక్ష, కొత్త బ్యాండ్ మార్చిన ప్రతిసారీ ఇదే పరీక్ష. మార్చిన రోజున బటన్ నొక్కి కొత్త విలువ నేర్పడం మరిచిపోవద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పీణ్య పారిశ్రామిక ప్రాంతం, బెంగళూరు